పాటతో పురదర్శనము

ప్రాచీన నగరములకు పోవువారిలో దేవదర్శనమునకై పోవువారు కొందఱు, కోటలును గోపురములును చూడబోవువారు కొందఱు, పట్టుచీరలు కొని తెచ్చుకొనుటకై పోవువారు కొందఱు. వీరుగాక పాడుటకై పోవువారును గలరు. తంబురయు చిడతలును చేతబట్టి ఊరూర తిరిగిన భాగవతులు మన దేశమునకు క్రొత్తవారు కారు. కాని సంసారములు గల స్త్రీలు పదిమంది గూడి, పాటల పుస్తకములు సంచిలో పెట్టుకొని, పాడుచు పురములు చూచి వచ్చుట మా తల్లుల కాలమున మా ఇండ్లలో ఎఱుగని సంగతి. గడచిన మాఘమాసమున మేమట్టి యాత్ర యొకటి చేసి వచ్చితిమి. పాడవచ్చినవారికి ఊరు తన ముఖమును మఱియొక విధముగా చూపునని మాకు తోచినది. ఆ సంగతి సోదరీమణులకు నివేదించుటకే ఈ వ్యాసము.

మాది పూర్వపు కృష్ణామండలములోని మెట్టసీమ. 2022వ సంవత్సరమునుండి మా జగ్గయ్యపేటయు నందిగామయు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ప్రత్తియు మిరపయు పండెడి నేల. పాలేరును మునేరును పాఱెడి చోటు. మా భజన సమాజమున రెండు ఊళ్ళవారమును కలిసి ఇరువదిమందిమి. అందు బడిపంతుళ్ళ ఇల్లాండ్రును, రైతు గృహిణులును, బట్టలు కుట్టి జీవించు నామె యొకరును, ఇడ్లీల అంగడి నడుపు నామె యొకరును గలరు. ఒక శుక్రవారము పేటలోను, మఱుసటి శుక్రవారము నందిగామలోను కూడి పాడుకొందుము.

తంజావూరు సీమకు పోయి త్యాగరాజస్వామివారి సమాధి సన్నిధిని పాడవలెనను కోరిక మాలో చాలకాలముగా నుండెను. తీరా ప్రయాణము నిశ్చయించు దినమున ఒక చర్చ పుట్టినది. అందఱును పోవలెనా, చక్కని గొంతు గలవారు మాత్రమే పోవలెనా? "సంగీతపు పుట్టింటికి పోవుచున్నాము. అక్కడ అపశ్రుతి పలికినచో మన రెండు ఊళ్ళకును తలవంపులు గదా" యని కొందఱనిరి. ఆ మాట కొట్టివేయదగినది కాదు. శ్రుతి నిలువని కోడలుపిల్ల యొకతె మాలో గలదు. డెబ్బదియేండ్లు దాటిన పెద్దమ్మగారొకరు గలరు. ఆమెకు అక్షరము రాదు, గొంతు బీటలువాఱినది. కాని మా పాటలలో మూడవపాలు ఆమె నోటినుండి మాకు వచ్చినవే.

పెద్దమ్మగారు అందఱి మాటయు విని, "అమ్మాయిలూ, నా గొంతు చెడిన మాట నిజమే. మీరు పోయి రండి. కాని నేను నేర్పిన పాట అక్కడ మీరు తప్పు పాడితే దిద్దేవాళ్ళెవరో ముందే చూసుకోండి" అనిరి. అందఱమును నవ్వితిమి. ఇరువదిమందికిని రైలు టిక్కెట్లు తీసికొంటిమి. అయినను కొందఱి మనసులలో ఆ సందేహము తీఱలేదు.

దూరపు ఊళ్ళకు పోవుటకు ముందు సొంత ఊరి చరిత్ర తెలియవలెనని మా ఉపాధ్యాయులవారు హెచ్చరించిరి. జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. అమరావతి ప్రభువగు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేర దీనిని పేటగా నెలకొల్పిరి. ఊరి చెంతనున్న ధనబోడుమీద బౌద్ధుల మహాచైత్యమొకటి యుండెను. 1882లో జేమ్సు బర్జెస్ అను దొర దానిని త్రవ్వించెను. అందు దొరకిన స్తంభములమీద, మాఢరీపుత్ర వీరపురుషదత్తుడను ఇక్ష్వాకురాజు ఇరువదవ పాలనాసంవత్సరమున చెక్కిన శాసనము గలదు. సిద్ధార్థుడను శిల్పి చైత్యపు తూర్పువాకిట ఐదు ఆయకస్తంభములు నిలిపెనని దాని సారాంశము. ఆ పుణ్యకార్యమున తనతో పాలుగొన్న తల్లి నాగిలని పేరును, భార్య సముదని పేరును అతడు రాతిపై చెక్కించెను. సుమారు 1,700 ఏండ్లనాటి మాట యిది. రాజు కాడు, మంత్రి కాడు. ఉలి పట్టి బ్రతికిన యొక పనివాడు తన ఇంటి ఆడువారిని మఱువలేదు. బయలుదేఱుటకు రెండు దినములు ముందు మేమందఱమును ఆ బోడెక్కి, గాలిలో ఒక పాట పాడి దిగితిమి.

విజయవాడలో రైలెక్కి చెన్నపట్టణము చేరితిమి. 1851లో ఏర్పడిన అక్కడి ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో అమరావతి శిల్పములతోపాటు మా ధనబోడు శిల్పమును గలదు. చక్రవర్తి యొకడు కుడిచేయి పైకెత్తి నిలిచియుండగా, మబ్బులనుండి నాణెములు వానవలె కురియుచున్నవి. చుట్టును రాణి, రాకుమారుడు, మంత్రి, ఏనుగు, గుఱ్ఱము, చక్రము, మణి. దీనిని మాంధాత శిల్పమందురు. క్రీస్తుకు పూర్వపుదని పండితుల మతము. పెద్దమ్మగారు దానియెదుట చాలసేపు నిలిచి, "మన ఊరి రాయి కదూ, ఇంత దూరాన ఉందేమే" అని కొంగుతో కన్నులొత్తుకొనిరి. మా ఊరి రాయి చెన్నపట్టణమువఱకే వచ్చినది. అమరావతి రాళ్ళు పెక్కు 1859లో ఓడలమీద లండను నగరమునకు పోయి, నేడు బ్రిటీషు మ్యూజియములో నున్నవి.

ఆ రాళ్ళు చేరిన ఐరోపాఖండమునను పాటకై పురములు చూచు ఆచారము గలదు. అక్కడి గాయకబృందములు పుస్తకములు చేతబట్టి దేశదేశములు తిరిగి, ప్రాచీనములైన క్రైస్తవ దేవాలయములందు పాడి వచ్చుచుందురు. జర్మను దేశపు లైప్జిగ్ నగరమున సెయింట్ థామస్ దేవాలయము గలదు. బాఖ్ అను సంగీత విద్వాంసుడు 1723 మొదలు 1750లో కాలధర్మము నొందువఱకు అందలి బాలగాయకులకు గురువుగా నుండెను. ఆ బాలుర బృందము 1212వ సంవత్సరమునుండి వచ్చుచున్నదట. వెనిసు నగరపు సెయింట్ మార్క్ దేవాలయమున గాయకులను ఎదురెదురు మేడలపై నిలిపి, ఒకరు పాడగా మఱియొకరు అందుకొనునట్లు కూర్చిన పాటలు 16వ శతాబ్దమున ప్రసిద్ధి కెక్కినవి. మన భజనలో ముందు వరుస అన్నదానిని వెనుక వరుస అందుకొనుట లేదా? సముద్రములు వేఱైనను పదిమంది గొంతులు గూడుటకు మార్గము దాదాపుగా నొక్కటే.

వెనిసులోనే పియెతా అను అనాథశరణాలయముండెను. అందు పెరిగిన బాలికలకు సంగీతము నేర్పిరి. వివాల్డి యను ప్రసిద్ధుడు 1703లో అక్కడ ఉపాధ్యాయుడుగా చేరెను. ఆ కన్యల గానము వినుటకు ఐరోపా నలుమూలలనుండి యాత్రికులు వచ్చుచుండిరి. కాని ఆ బాలికలు పైమేడలో ఇనుపజాలకముల వెనుక నిలిచి పాడవలెను. వారి గొంతు వినవచ్చును గాని ముఖము కనరాదు. స్త్రీకంఠమును మెచ్చుకొనుచునే స్త్రీని మఱుగుపఱచుట మన దేశమునకు మాత్రమే చెందిన సంగతి కాదని దీనివలన తెలియును.

చెన్నపట్టణమునుండి రాత్రిబండిలో తంజావూరు చేరితిమి. బృహదీశ్వరాలయమును రాజరాజచోళుడు 1010వ సంవత్సరమునాటికి ముగించెను. విమానము రెండువందల అడుగులకు పైబడిన ఎత్తు. తలయెత్తి చూచినవారి మెడ నొచ్చును. అయితే మమ్ము నిలిపివేసినది విమానము కాదు, ప్రాకారపు గోడలమీది అక్షరములు. వాటి అర్థమును ఆ ఊరి ఉపాధ్యాయుడొకరు మాకు విడమర్చి చెప్పిరి. దేవుని సన్నిధిని తమిళ స్తోత్రములు పాడుటకై నలువదియెనమండ్రు గాయకులను, వారికి వాద్యము వాయించుటకై ఇరువురను రాజు నియమించెనట. వేయియేండ్లక్రిందటి గాయకబృందమది. మఱియొక శాసనమున, చోళదేశపు నానా ఆలయములనుండి రప్పించిన నాలుగువందలమంది ఆలయస్త్రీల పేర్లు వరుసగా నున్నవి. ఒక్కొక్కరి పేరు, ఏ ఊరినుండి వచ్చినది, ఏ వీధిలో ఎన్నవ ఇల్లు ఇచ్చినది వ్రాసి, ఏటికి నూఱు కలముల ధాన్యము జీవనమునకు ఏర్పఱచిరి.

మా పాటకు అనుమతి దొరకిన మండపమున ఆ సాయంకాలము రెండు కీర్తనలు పాడితిమి. రాతిమండపమున శబ్దము వెంటనే అణగదు. మా ఊరి మేడమీద పాడిన వేగముతో పాడగా మాటమీద మాట పడి కలగాపులగమైనది. అప్పుడు తాళము నెమ్మది చేసి, చిడతలు ప్రక్కన పెట్టి పాడితిమి. రాయి మా పాటను అందుకొని మఱల మాకే ఇచ్చినది. కన్నులతో చూచినవారికి ఆ మండపము స్తంభముల వరుస మాత్రమే. పాడినవారికి దాని లోతెంతయో తెలియును.

తంజావూరు తెలుగువారికి పరాయిది కాదు. 1532 మొదలు 1673 వఱకు అక్కడ ఏలిన నాయకరాజులు తెలుగువారు. రఘునాథనాయకుడు స్వయముగా కవి. ఆయన కొలువున రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయమను కావ్యము రచించెను. ఆయన కుమారుడు విజయరాఘవుని ఆస్థానమున రంగాజమ్మ తెలుగున మన్నారుదాసవిలాసమును, ఉషాపరిణయమును వ్రాసెను. మా నాయనగారు ఇంటివద్ద మాకు కావ్యములు చెప్పునపుడు ఈ పేర్లు వినియుంటిమి. అవి పుట్టిన చోట కాలు మోపుట వేఱు అనుభవము. సరస్వతీమహల్ గ్రంథాలయమున తెలుగు తాళపత్రములు నేటికిని భద్రముగా నున్నవి. నాయకరాజుల తరువాత మరాఠారాజులు వచ్చినను తెలుగుపాటకు ఆదరము తగ్గలేదు. అందువలననే తమిళదేశపు నడిబొడ్డున, కావేరి ఒడ్డున, త్యాగరాజస్వామి తెలుగున పాడెను, ఊరు వినెను.

తిరువయ్యారు తంజావూరికి క్రోసుల దూరముననే యున్నది. స్వామి 1767లో తిరువారూరున జన్మించి, 1847లో పుష్య బహుళ పంచమినాడు ఇక్కడ సిద్ధిపొందెను. నేడు మనము చూచు సమాధిమందిరము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆమె దేవదాసీ కుటుంబమున పుట్టి, సంగీతమునను సంస్కృతాంధ్రములందును ఆఱితేఱిన విదుషి. శిథిలావస్థలోనున్న ఆ చోటికి వచ్చి, పాడి ఆర్జించిన ధనమంతయు వెచ్చించి, 1921లో శంకుస్థాపన చేయించి, 1925లో ప్రతిష్ఠ జరిపించెను.

ఇంత చేసిన ఆ తల్లికి ఆరాధనలో పాడుటకు చోటు లేదయ్యెను. ఆరాధన జరుపు పెద్దలు రెండు కక్షలుగా చీలియుండిరి. స్త్రీలు సన్నిధిని పాడరాదనుటలో మాత్రము ఇరుకక్షలవారును ఒక్కటియే. నాగరత్నమ్మగారు తోడి గాయనీమణులను కూర్చుకొని, 1927 మొదలు సమాధివెనుక స్త్రీల ఆరాధనను వేఱుగా జరిపిరి. 1940 ప్రాంతమున కక్షలన్నియు ఏకమై, స్త్రీలకును అందు చోటు దొరకినది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని పంచరత్న కీర్తనలను అందఱును కలిసి పాడెడి పద్ధతియు ఆ దినములలోనే నిలచినది. నేడు ఆ గోష్ఠిలో వందలకొలది గాయనీగాయకులు బారులుతీరి కూర్చుండి ఏకకంఠముగా పాడుదురు. నాగరత్నమ్మగారు 1952లో స్వర్గస్థులైరి. స్వామి సన్నిధికి ఎదురుగా ఆమె సమాధియు గలదు. పాడుచోటికై ఆమె పోరాడని యెడల మా బోంట్లము అచ్చట నోరు విప్పగలిగియుందుమా?

ఆరాధన జనసందోహము తగ్గిన తరువాత పోయినందున మాకు తీరికగా పాడుకొను భాగ్యము కలిగినది. పంచరత్నములు పాడుటకు మాకు తగిన శిక్షణ లేదు. స్వామి భజనపరులకొఱకు సులభమైన నడకలో దివ్యనామ కీర్తనలును, ఉత్సవసంప్రదాయ కీర్తనలును రచించెను గదా. వానిలో ఐదింటిని నాలుగుమాసములు సాధన చేసి పోయితిమి. నాలుగు చక్కగా సాగినవి. ఐదవది లాలిపాట. అందు రెండవ చరణమున పేటవారు ఒక మెట్టునను, నందిగామవారు ఒక మెట్టునను ఎత్తుకొనిరి. పాట ఆగిపోయినది. వినుచున్నవారు పదిమంది గలరు. అందఱి ముఖములును తెల్లబోయినవి.

అప్పుడు వెనుక వరుసనుండి బీటలువాఱిన గొంతొకటి ఆ చరణమును ఎత్తుకొన్నది. పెద్దమ్మగారు పుస్తకము చూచువారు కారు గనుక తడబడుటకు అవకాశమే లేదు. ఆమె ఒంటరిగా సగము చరణము పాడగా, ప్రక్కన పూలు అమ్ముకొను నామె యొకతె మాలకట్టు చేతులు ఆపక తానును అందుకొన్నది. ఆమె తమిళురాలు. తెలుగు ఒక్కముక్క రాదు. కాని పాట ఆసాంతము వచ్చును. తరువాత మేమందఱమును చేరితిమి.

పాట ముగిసిన పిమ్మట పూలామె దగ్గఱకు వచ్చి ఏమో అడిగినది. చెన్నపట్టణమున కొన్నాళ్ళు కాపురమున్న మా వదినగారు అనువదించి చెప్పిరి: "చిన్నప్పటినుండి పాడుచున్నాను, దీని అర్థమేమమ్మా?" యని ఆమె ప్రశ్న. వదినగారు మాటలకై వెదకుచుండగా పెద్దమ్మగారు రెండు చేతులును ఉయ్యాలవలె చేసి ఊపి, లేని బిడ్డ ముఖముమీది వెండ్రుకలు సవరించి, వ్రేలు పెదవులమీద పెట్టి ఊరకుండుడని సైగచేసిరి. పూలామె నవ్వి, ఒక మూర మల్లెలు తీసి పెద్దమ్మగారి చేతిలో పెట్టినది. వెల పుచ్చుకొనలేదు. మంచి గొంతువారే పోవలెనని ఇంటివద్ద వాదించిన ఆమెయే ఆ సాయంకాలము సత్రములో పెద్దమ్మగారికి ముందువరుసలో చాపవేసి, "ఇక్కడ కూర్చోండి, మాకు వినపడాలి" అనిరి.

ఇట్టి యాత్ర చేయదలచిన సోదరీమణులకు నాలుగు మాటలు. శ్రుతిపెట్టెను గట్టి గొంతువారికి తగినట్లు కాక, బలహీనమైన గొంతువారికి అందునట్లు పెట్టుకొనవలెను. స్త్రీలు చాలమంది ఐదున్నర శ్రుతికి పాడుదురు. వృద్ధులున్నపుడు ఐదుకు దించుట మేలు. క్రొత్త మండపమున మొదట ఒక్కరు ఒక్క పాదము పాడి, శబ్దమెంతసేపు నిలుచునో విని, ఆపైన తాళము నిశ్చయించుకొనవలెను. పురావస్తుశాఖవారి రక్షణలోనున్న కట్టడములలో అనుమతి లేనిదే పాడరాదు. పూజావేళను ఇతరుల ధ్యానమునకు అడ్డురాగూడదు. ప్రయాణమున గోరువెచ్చని నీరు త్రాగుచుండుట మేలు. పాటలను పెద్దయక్షరములతో వ్రాసికొనవలెను. రెండు ఊళ్ళవారు కూడినపుడు మెట్టులను ముందుగానే పోల్చి చూచుకొనుట మఱువరాదు. ఖర్చుల సంచి ఒకరివద్దను, లెక్క మఱియొకరివద్దను ఉండవలెను. భోజనములో పచ్చడి తక్కువైనదని అలుగువారిని ముందుబండిలో పంపివేయుట యుత్తమము.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఏ ఊరికి పోవుచున్నామో ఆ ఊరి పాట యొకటి నేర్చికొని పోవలెను. అర్థమును తెలిసికొని పోవలెను. పాటవచ్చినవారిని ఊరివారు యాత్రికులుగా కాక చుట్టములుగా చూతురు. ఇంటివద్ద "నీకు గొంతు లేదు, ఉండిపొమ్ము" అని ఎవరినైనను అనుటకు ముందు ఒక్కసారి ఆలోచింపవలెను. పాడరాదని వెలుపల నిలిపినవారు కట్టిన మందిరముననే నేడు అందఱును పాడుచున్నారు.

తిరిగి వచ్చినది మొదలు మా సమాజమున ఒక నియమము చేసికొంటిమి. ప్రతి శుక్రవారము పెద్దమ్మగారు ఒక పాట చెప్పుదురు; శ్రుతి నిలువని ఆ కోడలుపిల్ల దానిని వ్రాయును. ఆమె దస్తూరి ముత్యములవలె నుండును. ఇప్పటికి ముప్పదియొక్క పాట చేరినవి. ప్రతి పాటక్రిందను అది ఎవరి నోట వచ్చినదో, వారికి ఎవరు నేర్పిరో, ఆ స్త్రీల పేర్లు తప్పక వ్రాయుచున్నాము.